చెరువు, బోరు, మోటారు: నీళ్లు మనిషిని, మనిషి నీళ్లని మార్చే తీరు

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, అంటే భవదూరుడు, అక్కడ చెరువు కట్టించి వేయించింది. రోజుకు 1,000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్లు పట్టిందని లెక్క చెప్పి ఊరుకోలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా చెక్కించాడు. గట్టి నేల, తియ్యటి నీళ్ల ఏరు, మరీ పొడవు కాని రాతికట్ట, లోతూ విశాలమూ ఉన్న గర్భం, దగ్గర్లో రాతిగని వంటివి ఏ ఇంజినీరయినా రాసేవే. అయితే ఆ పన్నెండు మొదలయ్యేది ధర్మమూ ధనమూ ఉన్న పాలకుడితో. ఆ తర్వాత జలశాస్త్రం తెలిసిన మనిషి వస్తాడు. పని వచ్చిన కూలీల జట్టుకూ అందులో చోటుంది.

దోషాల పట్టీ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కట్ట ఊరడం, చౌడు నేల, గర్భం మధ్యలో మిట్ట. వీటి సరసనే, అంతే బరువుతో, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం దోషమని రాశారు. నీళ్లు తక్కువై తడపాల్సిన భూమి ఎక్కువ కావడమూ దోషమే, నీళ్లు ఎక్కువై భూమి చాలకపోవడమూ దోషమే. సరిహద్దు తగాదాకూ కట్ట కింద ఊటకూ ఆ శాసనం తేడా చూపలేదు. రెండూ చెరువును చంపేవే.

ఆధునిక హైడ్రాలజీ చాలాకాలం ఇలా ఆలోచించలేదు. వాన ఎంత, ఆవిరి ఎంత, పారింది ఎంత, ఇంకింది ఎంత అని కొలిచి, మనిషి తోడుకునేదాన్ని ఒక స్థిరమైన అంకెగా చివర్లో తీసేసేది. 2012లో మురుగేశు శివపాలన్, ఆయన సహచరులు ఈ పద్ధతిని ప్రశ్నించి, కొత్త శాఖకు సోషియో-హైడ్రాలజీ అని పేరు పెట్టారు. వాళ్ల వాదన సారం ఇది: మనిషి తోడేది స్థిరమైన అంకె కాదు. నీటిమట్టం మారితే పంట మారుతుంది, అప్పు మారుతుంది, ఓటు మారుతుంది. అవి మారితే మళ్లీ నీటిమట్టం మారుతుంది. ఈ చక్రాన్ని చూడటానికి తెలంగాణ, రాయలసీమల్లోని గట్టిరాతి నేల కంటే మంచి చోటు దొరకడం కష్టం.

కట్టకు ఆసరా ఊరే

చెరువంటే నీటిగుంట కాదు. మూడు వైపుల మిట్ట, నాలుగో వైపు కట్ట. కట్ట అడుగున నీళ్లు వదలడానికి తూము. నిండాక మిగులు పోవడానికి పక్కన అలుగు. తెలంగాణలో దీన్నే మత్తడి అంటారు, రాయలసీమలో మరవ అంటారు. కట్టకు దిగువన ఆయకట్టు, ఎగువన నీళ్లు మునిగే శిఖం భూమి. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి, దాని అలుగు నీళ్లు ఇంకో చెరువులోకి పోతాయి. కాకతీయుల కాలంలో విస్తరించిన గొలుసుకట్టు ఇదే. పాకాల, రామప్ప, లక్నవరం వంటి పెద్ద చెరువుల వెనక వేలాది చిన్న చెరువులు ఇలా ముడిపడి ఉన్నాయి.

ఈ అమరికలో ప్రతి రాయి వెనకా ఒక తగాదా ఉంటుంది. ఆయకట్టు రైతుకు చెరువు ఎంత నిండితే అంత మేలు. శిఖంలో సాగు చేసుకునే రైతుకు నీళ్లు ఎంత త్వరగా దిగిపోతే అంత మేలు. అందుకే ఒకరు అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చి అర అడుగు ఎత్తు పెంచుతారు, ఇంకొకరు రాత్రిపూట తూము లేపి వదిలేస్తారు. అర అడుగు ఎత్తు చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, చెరువు పళ్లెంలా పరుచుకుని ఉంటుంది కాబట్టి ఆ అర అడుగుకే ఎగువన చాలా ఎకరాలు మునుగుతాయి. పైగా అలుగు ఎత్తు పెరిగితే కట్టకూ నీటికీ మధ్య ఖాళీ తగ్గుతుంది. పెద్ద వాన ఒక్కటి పడితే నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి, మట్టికట్టకు అంతకంటే చావు లేదు. పైచెరువు తెగితే ఆ వరద అంతా ఒకేసారి కింది చెరువు మీద పడుతుంది. గొలుసుకున్న బలమూ బలహీనతా ఒకటే.

ఈ తగాదాల మధ్య తూము తీసే బాధ్యత నీరటికాడిది. చాలా ఊళ్లలో అతని కూలి కళ్లం దగ్గర ఆయకట్టుదారులు కొలిచే గింజలు. ఈ కూలి పద్ధతిలో ఒక తెలివి ఉంది. చివరి మడి ఎండితే అతని గింజలూ తగ్గుతాయి కాబట్టి, తూము దగ్గరి పెద్దరైతు బెదిరించినా చివరిదాకా నీళ్లు తీసుకెళ్లడంలో అతనికి సొంత లాభం ఉండేది. యాసంగికి ముందు చెరువులో ఎన్ని నీళ్లున్నాయో చూసి, ఎన్ని ఎకరాలకు సరిపోతాయో తేల్చి, అంతకే సాగు కట్టడి చేయడాన్ని తెలంగాణలో తైబందీ అనేవారు. చెరువు తవ్విన, బాగుచేసిన వాళ్లకు దశబంధం పేరిట మాన్యాలు, అంటే ఇనాం భూములు, ఉండేవి. వీటన్నిటినీ కలిపి ఆదర్శ గ్రామమని మురిసిపోనక్కర్లేదు. కులం, వెట్టి, దొరతనం ఆ తూము మీదే కూర్చుని ఉండేవి. కానీ పూడిక తీసే మనిషికి జీతం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు మాత్రం అందులో జవాబు ఉంది.

1950లలో రెండు ప్రాంతాల్లోనూ ఇనాముల రద్దు చట్టాలు వచ్చాయి. సామాజికంగా అవి రావాల్సినవే. అయితే మాన్యంతో ముడిపడ్డ పనిని ఎవరికి అప్పజెప్పాలో సరిగా తేల్చలేదు. నూరెకరాల పైబడిన ఆయకట్టు ఉన్న చెరువులు నీటిపారుదల శాఖకు, అంతకు తక్కువవి పంచాయతీలకు వెళ్లాయి. గొలుసులో ఒక చెరువు శాఖది, దాని కిందది పంచాయతీది. రెండు రాజ్యాల సరిహద్దు దోషం కొత్త వేషంలో తిరిగొచ్చింది. 1997లో రైతుల యాజమాన్య చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. అప్పటికే చెరువు కింది రైతుకు చెరువుతో పని తగ్గిపోయింది, ఎందుకంటే అతని పొలంలో బోరు పడింది.

బోరు తెచ్చిన స్వాతంత్ర్యం

బోరున్న రైతుకు నీరటితో, కాలువతో, పక్కవాడితో మాట్లాడాల్సిన పని లేదు. స్విచ్చి వేస్తే నీళ్లు. అతని వైపు నుంచి చూస్తే ఇది అచ్చమైన విముక్తి, ముఖ్యంగా ఆయకట్టు చివర ఉండి తరతరాలుగా ఎండిన వాడికి. ఇక్కడే చక్రం మొదలవుతుంది. బోరు వేసుకున్నవాడు కాలువ పూడిక తీయడానికి రాడు. కాలువ పూడితే చివరి మడికి నీళ్లు అందవు. ఆ చివరి మడివాడూ బోరు వేస్తాడు. ఇక చెరువు నిండినా నిండకపోయినా అడిగేవాళ్లు తగ్గుతారు. వాగు నుంచి చెరువుకు వచ్చే ఫీడరు కాలువను ఎవరో దున్నేసుకుంటారు, ఎవరో ప్లాటు వేస్తారు. చెరువు నిండదు. చెరువు నిండకపోతే దాని కింద భూమిలోకి ఇంకే నీళ్లు తగ్గుతాయి. బోరు ఎండుతుంది. చెరువును వదిలించుకున్న బోరు నిజానికి చెరువు మీదే బతికేది.

భూమి లోపల ఏముందో తెలిస్తే ఇది ఎంత వేగంగా జరుగుతుందో అర్థమవుతుంది. మన గ్రానైటు, నైస్ నేలల్లో పైన 10 నుంచి 20 మీటర్ల దాకా కుళ్లిన రాయి ఉంటుంది. నీళ్లు నిలిచేది ఎక్కువగా ఆ పొరలోనే. దాని కింద గట్టిరాయి, అందులో అక్కడక్కడ పగుళ్లు. పగుళ్లు నీళ్లను మోస్తాయి తప్ప పెద్దగా దాచవు. పైపొర కుండ అయితే ఇవి దానికి బిగించిన గొట్టాలు. ఆ కుండ కూడా చిన్నదే. కుళ్లిన గ్రానైటులో ఘనపరిమాణంలో 2 శాతం లెక్కనే చేతికొచ్చే నీళ్లుంటాయి.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఏటా 800 మిల్లీమీటర్ల వాన పడే ఊరు. అందులో భూమిలోకి ఇంకేది సుమారు పదో వంతు, అంటే 80 మిల్లీమీటర్లు. 2 శాతం నిల్వ గల రాతిలో ఈ 80 మిల్లీమీటర్లకే నీటిమట్టం 4 మీటర్లు లేస్తుంది. మంచి వాన పడ్డ ఏడాది బావుల్లో నీళ్లు పైకి ఉబికి వస్తే భూగర్భం నిండిపోయినట్టు కనిపించేది ఇందుకే. నిండింది చిన్న కుండ. యాసంగి వరికి పొలం మీద పెట్టే నీళ్లు సుమారు 1,200 మిల్లీమీటర్లు. అందులో మూడో వంతుకు అటూ ఇటూ తిరిగి భూమిలోకి ఇంకుతుందనుకున్నా, నికరంగా పోయేది దాదాపు 800. అంటే ఒక ఎకరం యాసంగి వరి పదెకరాల మీద పడ్డ వాన ఇంకిన నీళ్లను తాగుతుంది. పక్కవాళ్ల తొమ్మిదెకరాలూ మెట్టగా ఉంటేనే ఆ ఒక్క ఎకరం సాగుతుంది. ఆ తొమ్మిదిమందీ బోర్లు వేశాక ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

బోరు వేయడంలోనే ఇంకో చిక్కుంది. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే రిగ్గులు గంటల్లో వందల అడుగులు దిగుతాయి. మట్టీ కుళ్లిన రాయీ కూలకుండా పైభాగంలో కేసింగ్ పైపు దింపుతారు. అంటే నీళ్లు నిలిచే పొరను గొట్టంతో మూసి, కింద పగుళ్లలో వెతుకుతున్నామన్నమాట. 300 అడుగులు దాటాక అడుగు రేటు శ్లాబుల లెక్కన పెరుగుతుంది, పగుళ్లు దొరికే అవకాశం మాత్రం లోతుతో పాటు తగ్గుతూ పోతుంది. ‘ఇంకో యాభై అడుగులు చూద్దాం’ అనే మాట దగ్గరే చాలా కుటుంబాల అప్పు మొదలవుతుంది. పక్కవాడి బోరు తనదానికంటే లోతు కాబట్టి తనది ఎండిందని ప్రతివాడికీ తెలుసు, అందుకే ఎవరూ ఆగరు. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం బోరుకు అనుమతి, బోరుకూ బోరుకూ మధ్య దూరం అడుగుతుంది. రిగ్గు రాత్రికి రాత్రి వచ్చిపోతుంది.

లోతు పెరిగితే నీళ్ల గుణమూ మారుతుంది. గ్రానైటులోని ఫ్లోరిన్ ఖనిజాలతో నీళ్లు ఎక్కువకాలం ఒరుసుకునే కొద్దీ ఫ్లోరైడు కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం. పొలం కోసం తవ్విన లోతు చివరికి ఎముకల్లో తేలిన ఊళ్లు నల్లగొండలో, ప్రకాశంలో ఎన్నో ఉన్నాయి. వాటికి నదీజలాలు పైపుల్లో తేవాల్సి వచ్చింది, అంటే ఒక ఊరి పంట ఇంకో నది మీద భారం అయింది.

కరెంటు తీగ మీదుగా నీటిమట్టం

1980లలో వ్యవసాయ మోటార్లకు మీటరు తీసేసి హార్స్‌పవరుకు ఇంతని శ్లాబు పెట్టారు. 2004 మేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత విద్యుత్తు వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత సరఫరా. కరెంటు ఊరికే వస్తే రైతు నీళ్లు వృథా చేస్తాడన్న మాట నగరాల్లో తరచూ వినిపిస్తుంది. అది సగమే నిజం. ఎండిన బోరు ఉచిత కరెంటుతో కూడా పోయదు.

ఒక 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు తీసుకోండి. 3.7 కిలోవాట్లు. పంపు, మోటారు, పైపుల నష్టాలు పోను 40 శాతమే నీళ్లను లేపడానికి పనికొస్తే, 60 మీటర్ల లోతు నుంచి సెకనుకు దాదాపు 2.5 లీటర్లు వస్తాయి. అదే మోటారు 30 మీటర్ల నుంచి 5 లీటర్లు పోసేది. అంటే నీటిమట్టం రెండింతలు దిగితే అదే కరెంటుకు సగం నీళ్లు. మీటరు ఉండి ఉంటే ఈ నష్టం బిల్లులో కనిపించేది, రైతు ఎక్కడో ఒకచోట ఆగేవాడు. ఇప్పుడు ఆ నష్టం డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఖాతాలోకి, అక్కడి నుంచి రాష్ట్ర బడ్జెట్‌లోకి పోతుంది. పొలంలో తెలియదు. నీటిమట్టం గురించి ధర చెప్పాల్సిన కబురు దారిలోనే ఆగిపోయిందన్నమాట.

రోజుకు ఏడు గంటల సరఫరా ఉన్న రోజుల్లో కథ ఇంకోలా ఉండేది. కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియక అందరూ ఆటో స్టార్టర్లు బిగించారు. కరెంటు రాగానే ఆ లైను కింది మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి. ఓల్టేజీ పడిపోయేది, వైండింగులు కాలేవి, ట్రాన్స్‌ఫార్మర్లు పేలేవి. భూమి లోపల కూడా అదే జరిగేది. తోడుతున్న ప్రతి బోరు చుట్టూ నీటిమట్టం గరాటులా కుంగుతుంది. అన్నీ కలిసి తోడితే గరాటులు ఒకదానిలో ఒకటి కలిసి, లోతు తక్కువ బోరు ముందు గాలి మింగుతుంది. 24 గంటల సరఫరా పెట్టినప్పుడు ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతుల్ని బతిమాలింది. మోటారు రాత్రంతా తిరుగుతుందన్న భయం అందరికీ ఉంది.

డ్రిప్పు గురించి కూడా ఒక మాట. 2003లో మొదలైన సూక్ష్మసేద్యం పథకం నుంచి రెండు రాష్ట్రాల్లోనూ రాయితీలు బాగా ఇచ్చారు. మొక్కకు పెట్టే నీళ్లు తగ్గుతాయి, అందులో సందేహం లేదు. కానీ పారకంలో ‘వృథా’ అనుకున్న నీళ్లలో కొంత మళ్లీ భూమిలోకే ఇంకేది. డ్రిప్పుతో అది ఆగుతుంది. మిగిలిన నీళ్లతో రైతు ఇంకో ఎకరం తోట వేస్తే, ఊరి మొత్తం వాడకం పెరుగుతుంది కూడా. రైతుకు ఆదాయం పెరిగింది, నిజమే. నీళ్లు మిగిలాయా అన్న లెక్క వేరే తీయాలి.

నీళ్లు తిరిగొస్తే

2015లో తెలంగాణ మిషన్ కాకతీయ మొదలుపెట్టింది. 46 వేలకు పైగా చెరువులు లక్ష్యం. పూడిక తీసి పొలాలకు తోలడం అందులో అందరికీ నచ్చిన భాగం. చెరువు మట్టి మెత్తటి బంకమట్టి, ఎర్ర చెలకలో వేస్తే తేమ నిలుస్తుంది. తప్పులు మూడు చోట్ల జరిగాయి. తూము గడపకంటే లోతుగా తవ్వితే ఆ నీళ్లు తూములోంచి రావు. పశువులకు, చేపలకు, ఇంకుడుకు తప్ప ఆయకట్టుకు పనికిరావు. కట్టకు ఆనుకుని తవ్వితే దాని పాదం బలహీనపడుతుంది. ఇక గర్భంలో పరుచుకున్న మెత్తటి పూడిక నీళ్లను ఆపే పూత లాంటిది, అది గీకేస్తే ఇంకుడు పెరుగుతుంది. బోరున్న రైతుకు అదే కావాలి, తూము మీద ఆధారపడ్డ రైతుకు అదే నష్టం. ఒకే చెరువు బాగైందా పాడైందా అన్నది ఎవరిని అడిగామన్న దాన్ని బట్టి ఉంటుంది. రాయలసీమలో కొన్ని ఊళ్లు తూములు పూర్తిగా మూసేసి చెరువును ఊటకు వదిలేశాయి. ఆయకట్టులో అందరికీ బోర్లున్న చోట అది తెలివైన పనే, బోరు లేని ఒక్క కుటుంబం ఉన్నా అన్యాయం.

ఆ తర్వాత కాళేశ్వరం వచ్చింది, 2019లో. గోదావరి నీళ్లు ఎత్తిపోసి చెరువులకు మళ్లించడం, 2020, 2021లలో బాగా కురిసిన వానలు, పూడిక తీసిన చెరువులు, 24 గంటల కరెంటు అన్నీ కలిశాయి. భూగర్భ జలం పైకి లేచింది. ఏది ఎంత పని చేసిందన్నది విడదీయడం తేలిక కాదు, రాజకీయ వేదికల మీద మాత్రం ఎవరికి వారు విడదీసేశారు. నీళ్లు కనిపించగానే రైతు చేసిన పని ఊహించదగిందే. వరి వేశాడు. మద్దతు ధరకు పెద్దఎత్తున కొనే పంట అది, కోతి తినదు, అడవిపంది తక్కువ, కోత మిషను దొరుకుతుంది. రాష్ట్రం ఏర్పడ్డాక వరి విస్తీర్ణం రెండింతలు దాటింది.

అప్పుడు అడ్డం పడింది నీళ్లు కాదు, బియ్యపు గింజ. యాసంగి వరి ఏప్రిల్, మే ఎండల్లో కోతకు వస్తుంది. ఆ వేడికి గింజలో పగుళ్లు పడి, పచ్చిగా మిల్లాడిస్తే నూకలే ఎక్కువ. అందుకే దాన్ని ఉప్పుడు బియ్యం చేస్తారు. ఉప్పుడు బియ్యం కొనబోమని కేంద్రం అనడంతో 2021-22 యాసంగిలో వరి వేయొద్దని రాష్ట్ర ప్రభుత్వమే రైతులకు చెప్పాల్సి వచ్చింది. నాలుగేళ్లు తిరక్కుండానే నీళ్లు తెచ్చిన ప్రభుత్వం నీటిపంట వద్దంది. ఇంజినీర్ల లెక్కలో ఒక టీఎంసీకి, అన్ని నష్టాలూ పక్కనపెడితే, 6 వేల ఎకరాలకు కాస్త తక్కువ వరి పండుతుంది. అదే నీళ్లతో ఆరుతడి పంటలు దానికి రెండింతలు పండుతాయి. ప్రాజెక్టు ఆయకట్టును ఆరుతడి లెక్కన రాసి, ధరను వరికి ఇస్తే, 1369 నాటి ‘నీళ్లు తక్కువ, భూమి ఎక్కువ’ దోషం కాగితం మీదే పుడుతుంది. 2023 అక్టోబరులో కాళేశ్వరంలోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక, ఆ నీళ్ల మీద పెట్టుకున్న పంట అలవాటు మాత్రం కుంగలేదు. అది బోర్ల మీదికి మళ్లింది.

భద్రత తెచ్చే ప్రమాదం

వరద విషయంలోనూ ఇదే చక్రం తిరుగుతుంది, ఎదురు దిశలో. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదులో వేలమందిని తీసుకుపోయింది. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచనల మీద ఎగువన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆగింది, నగరానికి తాగునీళ్లూ వచ్చాయి.

చిన్న వరదలు రావడం మానేసిన నది ఒడ్డున జనం భయం మర్చిపోతారు. ఇళ్లు నదిలోకి దిగుతాయి. మధ్యలో ఒక తరం గడిచాక వరద గుర్తున్న వాళ్లుండరు. కరకట్ట కట్టిన చోట నష్టం తగ్గకుండా పోగై పెద్దదవుతుందని భూగోళ శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ వైట్ 1940లలోనే అమెరికా నదుల గురించి చెప్పాడు. మూసీలో ఆ మాట అచ్చంగా సరిపోయింది. ఎగువన ఆ రెండు జలాశయాలకు 10 కిలోమీటర్ల పరిధిలో కట్టడాలు పరిమితం చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. కృష్ణా, గోదావరి నీళ్లు నగరానికి వచ్చాక ‘ఇక ఈ చెరువుల నీళ్లు తాగడం లేదు కదా’ అన్న వాదన పుట్టి, 2022లో ఆ ఆంక్షలు సడలించారు. దూరం నుంచి నీళ్లు వస్తే దగ్గరి నీళ్ల విలువ పడిపోతుంది, దగ్గరి భూమి విలువ లేస్తుంది.

2020 అక్టోబరు వానల్లో నగరాన్ని ముంచినవాటిలో మూసీ కంటే గొలుసు తెగిన చెరువుల పాలు పెద్దది. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు, బాలాపూర్ వైపు గుర్రం చెరువు తెగాయి. అలుగు నుంచి కింది చెరువుకు పోయే దారిలో ఇళ్లుంటే నీళ్లు ఆ ఇళ్ల గుండానే పోతాయి. దాన్ని ఆక్రమణ అని ఒక్క మాటలో తేల్చేయడం తేలిక. రిజిస్ట్రేషను, కరెంటు మీటరు, ఇంటిపన్ను రశీదు అన్నీ ఉన్న ఆక్రమణ అది.

అక్టోబరు లెక్క

చక్రాన్ని ఎక్కడైనా మెల్లగా తిప్పగలిగారా అంటే, కొంతవరకు అన్నది జవాబు. 2003 ప్రాంతంలో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఏపీ ఎఫ్‌ఏఎంజీఎస్, అంటే రైతులే భూగర్భ జలాన్ని చూసుకునే పథకం, నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ. అందులో ఎవరికీ నీళ్లు పంచలేదు, రాయితీ ఇవ్వలేదు. రైతులకు కొలవడం నేర్పారు.

పద్ధతి ఇది. పంచాయతీ హద్దు కాకుండా వాగు పరీవాహకాన్ని ఒక యూనిట్‌గా తీసుకోవాలి, ఎందుకంటే భూమి లోపలి నీళ్లకు సర్వే నంబర్లు తెలియవు. వానమాపకం ఒకటి పెట్టి రోజూ పొద్దున్నే రాయాలి. ఎంచుకున్న బోర్లలో పదిహేను రోజులకోసారి నీటిమట్టం కొలవాలి. మోటారు ఆపి కొన్ని గంటలయ్యాకే కొలవాలి. వెంటనే కొలిస్తే దొరికేది గరాటు అడుగు, ఊరి మట్టం కాదు. బోరు పోత తెలుసుకోవడానికి 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో చూస్తే చాలు. 80 సెకన్లు పడితే సెకనుకు 2.5 లీటర్లు. ఏడు గంటలు తోడితే 63 ఘనపు మీటర్లు. ఎకరం మీద అది 15 మిల్లీమీటర్ల పైచిలుకు. వరి మడికి రోజుకు 10 మిల్లీమీటర్లు కావాలనుకుంటే, ఆ బోరు కింద ఎకరంన్నర దాటి వరి వేయకూడదని అక్కడికక్కడే తేలిపోతుంది.

వానాకాలం ముగిశాక అక్టోబరులో కూర్చుని బడ్జెట్ వేస్తారు. 2,000 ఎకరాల ఊరు, 700 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. ఇంకింది 70 మిల్లీమీటర్లు. తాగునీటికి, పశువులకు, వాగులోకి ఊరిపోయేదానికి తీసేయగా 60 మిగిలిందంటే, నికరంగా 800 మిల్లీమీటర్లు తాగే వరి 150 ఎకరాలకు సరిపోతుంది. 400 తాగే వేరుశనగ అయితే 300 ఎకరాలకు. గోడ మీద ఒక పక్క ఈ అంకె, ఇంకో పక్క ఎవరెవరు ఏం వేయాలనుకుంటున్నారో రాస్తారు. రెండో పక్క ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది. అప్పుడు బలవంతం లేదు, జరిమానా లేదు, సంతకం లేదు. ఇంటికి పోయి ఎవరికి వారు ఆలోచించుకుంటారు. ఆ గోడ ముందు నిలబడ్డవాళ్లలో కొందరు వరి మానేసి పప్పుధాన్యాలకు, కూరగాయలకు మళ్లారు. పక్కవాడికి మంచి చేద్దామని కాదు, ఫిబ్రవరిలో తన పంటే ఎండుతుందని అంకెల్లో కనిపించినందుకు.

చెడిపోయేది ఎక్కడంటే, ముందుగా ధర దగ్గర. వరికి కొనుగోలు కేంద్రం ఉండి కందికి లేకపోతే ఏ గోడా ఆపలేదు. రెండోది, బడ్జెట్‌లో లేని కొత్త బోరు జనవరిలో పడటం. మూడోది చాలా చిన్నది: పథకం డబ్బు ఆగిపోయాక నీటిమట్టం కొలిచే టేపు తెగితే కొత్తది కొనేవాళ్లుండరు, రాసే కుర్రాడు పట్నం పోతాడు. నీరటికి కళ్లం దగ్గర గింజలు కొలిచినట్టు కొలిచేవాడికి ఏదో ఒకటి కొలవాలి. ఎకరానికి ఇంతని వేసుకున్న ఊళ్లలో పుస్తకం సాగుతుంది, లేని చోట మే నెలాఖరు గడి ఖాళీగా ఉంటుంది. వానలకు ముందు మట్టం ఎక్కడుందో తెలియకపోతే అక్టోబరులో ఎంత లేచిందో లెక్కకట్టడానికి ఆధారం ఉండదు.